పాత పైపు, కొత్త బ్రాకెట్: స్నాగ్ రాసి తప్పు చేశానా?

పాలకొల్లు_స్పానర్

సంక్రాంతికి ఇంటికొచ్చాను గానీ మనసు హ్యాంగర్‌లోనే ఉండిపోయింది. ఇక్కడ మెషిన్లతో బతికేవాళ్ళు చాలామంది ఉన్నారు, విమానాల వాళ్ళు కూడా ఒకరిద్దరు ఉన్నారని తెలుసు. అందుకే అడుగుతున్నా.

నేను విమానాల మెయింటెనెన్స్‌లో టెక్నీషియన్‌ని. లైసెన్సుకి ఇంకా 3 పేపర్లు రాయాలి. పోయిన వారం ఒక విమానానికి ఇంజిన్ మార్చాం. ఉన్నది దించి, స్టోర్‌లో ఉన్న స్పేర్ ఇంజిన్ ఎక్కించాం. స్పేర్ ఇంజిన్ అన్ని హంగులతో రాదు. కొన్ని పంపులు, పైపులు దించిన ఇంజిన్ మీద నుంచి విప్పి దీనికి బిగించుకోవాలి. మాకు అలవాటైన పనే.

నాకు ఒక ఆయిల్ పైపు అప్పజెప్పారు. బిగిస్తుంటే పక్కనున్న వేడి గాలి పైపుకి మరీ దగ్గరగా వచ్చేసింది. దించిన ఇంజిన్ మీద ఆ రెండింటి మధ్య నా చిటికెన వేలు పట్టేది. ఇక్కడ పోస్టుకార్డు దూరేంత సందు. టార్చి వేసి చూస్తే పైపుని పట్టి ఉంచే బ్రాకెట్ వేరేది. పార్ట్ నంబరు అంతా ఒకటే, చివర గీత తర్వాత అంకె మాత్రం వేరు. అంటే స్పేర్ ఇంజిన్‌కి ఎప్పుడో మాడిఫికేషన్ జరిగింది. నా చేతిలో ఉన్న పైపేమో మాడిఫికేషన్‌కి ముందుది.

సీనియర్ ఒకాయన "చేత్తో కాస్త ఇటు లాగి పట్టుకోరా, నేను నట్టు బిగిస్తాను, అదే సర్దుకుంటుంది" అన్నారు. లాగి పట్టుకుంటే నిజంగానే సందు వచ్చింది. నట్టు బిగించి వదిలాక కూడా నిలిచింది. అయినా నా మనసు ఒప్పలేదు. లోపం ఉందని రికార్డులో రాయడాన్ని మేం స్నాగ్ అంటాం. స్నాగ్ రాశాను. విమానం ఆగిపోయింది. ఇంజిన్ తయారీదారుకి మెయిల్ పెట్టారు, ఇంకా జవాబు రాలేదు. నాకు ముందే సెలవు ఇచ్చి ఉన్నారు కాబట్టి వచ్చేశాను. నిన్న ఫ్రెండు ఫోన్ చేసి "నీ మూలంగానే ఆగిందని అందరూ అంటున్నారు" అన్నాడు. అమ్మ చేసిన అరిసె కూడా గొంతు దిగడం లేదు.

పార్టుని మెరుగు చేయడానికే కదా మారుస్తారు. మార్చాక ఈ కొత్త తలనొప్పులు ఎందుకొస్తాయి? నేను అతిగా భయపడ్డానా?

గూడెం_టర్బో

సందు ఉందంటున్నావు, నట్టు బిగిసిందంటున్నావు. మరి బాధేంటి? 20 ఏళ్ళుగా లారీ ఇంజిన్లు, టర్బోలు చేస్తున్నా. మా తాడేపల్లిగూడెంలో ఏ లారీ బానెట్ ఎత్తినా ఒక కంపెనీ పైపు ఇంకో కంపెనీ క్లాంపులో కూర్చుని ఉంటుంది. లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి. అనుభవం ఉన్నాయన చెప్పినప్పుడు వినాలి.

కొవ్వూరు_గట్టు

పోయిన నెల మధురపూడి ఎయిర్‌పోర్టులో 6 గంటలు కూర్చోబెట్టారు. ఇంజిన్‌లో ఏదో చూస్తున్నాం అన్నారు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. అమ్మని హైదరాబాద్‌లో డాక్టరుకి చూపించాల్సిన రోజది. అపాయింట్‌మెంట్ పోయింది. పోస్టుకార్డు సందు చూసి ఎవరో ఆపేశారని ఆ రోజు తెలిసుంటే గొడవ పెట్టుకునేవాణ్ణి. ఉన్నమాట చెప్పాను, ఏమనుకోకు తమ్ముడూ.

పాలకొల్లు_స్పానర్

ఏమీ అనుకోనండి. అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?

కొవ్వూరు_గట్టు

వేరే తేదీ ఇచ్చారు, చూపించాం. బాగానే ఉంది.

అమలాపురం_పాత_ఏఎంఈ

"లాగి పట్టుకో" అన్న మాట దగ్గర చదవడం ఆపేసి కాసేపు అలా కూర్చుండిపోయాను బాబూ. 31 ఏళ్ళు ఇదే పని చేసి రిటైరయ్యాను. నీకు ఒక సంగతి చెప్పాలి. గూడెం ఆయనా, కొవ్వూరు ఆయనా కూడా చదవండి.

2001 ఆగస్టులో కెనడాకి చెందిన ఎయిర్ ట్రాన్సాట్ వాళ్ళు ఒక ఎయిర్‌బస్ ఏ330కి కుడి ఇంజిన్ మార్చారు. రోల్స్ రాయిస్ ట్రెంట్ ఇంజిన్. దించినది మాడిఫికేషన్ అయినది, ఎక్కించిన స్పేర్ ఇంజిన్ మాడిఫికేషన్‌కి ముందుది. నీ కేసుకి సరిగ్గా తిరగేసినట్టు. ఆ స్పేర్‌కి హైడ్రాలిక్ పంపు లేకపోతే దించిన ఇంజిన్ పంపు, అంటే కొత్త రకం పంపు, తెచ్చి పెట్టారు. పెట్టేసరికి పక్కనున్న ఇంధన పైపు అడ్డొచ్చింది. సరేనని ఇంధన పైపు కూడా కొత్త రకం తెచ్చి వేశారు. హైడ్రాలిక్ పైపు మాత్రం పాత రకమే ఉంచేశారు. 3 వస్తువులు కలిసి మారాల్సిన చోట 2 మారాయి, ఒకటి మిగిలింది.

వాళ్ళు చూసుకోలేదని కాదు. ఈ మార్పు మీద ఒక సర్వీస్ బులెటిన్, అంటే తయారీదారు పంపే సూచనల కాగితం, ఉందని ఆ పని మధ్యలోనే తెలిసింది. కంప్యూటర్‌లో తెరవబోతే తెరుచుకోలేదు. టైమ్ తరుముతోంది. చివరికి హైడ్రాలిక్ పైపుని చేత్తో పక్కకి పట్టుకుని, సందు తెచ్చి, నట్టు బిగించారు.

పైపులో ప్రెషర్ ఎక్కిన తర్వాత అది తన సహజమైన ఒంపుకి తిరిగి వచ్చేస్తుంది. చేత్తో తెచ్చిన సందు మాయమైపోయింది. రెండు పైపులూ ఒకదాన్నొకటి ఒరుసుకోవడం మొదలైంది. ఇంజిన్ మార్చిన కొన్ని రోజులకే, ఆగస్టు 24న, టొరంటో నుంచి లిస్బన్ వెళ్తుంటే అట్లాంటిక్ మీద ఇంధన పైపు పగిలింది. ఇంధనం విషయంలో పైలట్లకి మొదట కనబడింది ఎడమ, కుడి ట్యాంకుల మధ్య తేడా. ఆ తేడా సర్దడానికి రెండు వైపులా కలిపే వాల్వు తెరిచారు. దాంతో ఎడమ ట్యాంకు ఇంధనం కూడా కుడివైపు చిల్లు గుండా బయటికి పోయింది. ముందు కుడి ఇంజిన్, 13 నిమిషాలకి ఎడమది ఆగిపోయాయి. 306 మంది ఉన్నారు లోపల. 19 నిమిషాలు ఒక్క ఇంజినూ లేకుండా తేలుకుంటూ వచ్చి అజోర్స్ దీవుల్లో లాజెస్ రన్‌వే మీద దించాడు కెప్టెన్ రాబర్ట్ పీషే. అందరూ బతికారు.

అదంతా మొదలైంది ఒక పైపు దగ్గర, నీలాంటి కుర్రాడు నిలబడిన చోట. నువ్వు స్నాగ్ రాశావు. అరిసె తిను బాబూ.

పాలకొల్లు_స్పానర్

మాస్టారూ, ఈ కేసు పేరు క్లాసులో విన్నాను. గ్లైడింగ్ గురించే చెప్పారు, పైలట్ గొప్పతనం గురించి చెప్పారు. పైపుని చేత్తో పట్టుకున్న సంగతి ఎవరూ చెప్పలేదు.

రాజోలు_డీజిల్

చేత్తో లాగి బిగించిన పైపు కథ మా దగ్గర కూడా ఉంది. చిన్న ఇంజినే కాబట్టి ప్రాణాలు పోలేదు అంతే.

కొబ్బరి తోటల్లో డీజిల్ పంపుసెట్లు రిపేరు చేస్తాను. శివకోడు వైపు ఒక రైతుకి ఇంజిన్ హెడ్ మార్చాం. కొత్త మోడల్ హెడ్, పాత ఇంధన పంపు, పాత హైప్రెషర్ పైపు. పైపు హెడ్ బోల్టుకి అర గోరు ఎడంగా వచ్చింది. మా కుర్రాడు తెలివిగా సైకిలు ట్యూబు ముక్క చుట్టి బైండింగ్ వైరుతో కట్టాడు. నేనూ చూసి బాగుందిలే అన్నాను. రెండో పంటకి పైపుకి చిల్లు పడి డీజిల్ పొగలా చిమ్మింది. విప్పి చూస్తే ట్యూబు ముక్క లోపల అంతా ఇసుక, డీజిల్ జిడ్డు కలిసి గంధంలా అయిపోయి ఉంది. రబ్బరు పైపుని కాపాడలేదు, ఆ ఇసుకని పట్టి ఉంచి గరుకు కాయితం పెట్టి తోమినట్టు తోమేసింది. పైపు చుట్టూ గాజు వేసినట్టు గాడి.

ఆ రోజు నుంచి నేను పైపుకి ఏదీ చుట్టను. పైపు దారి మారుస్తాను, లేదా పైపే మారుస్తాను.

గూడెం_టర్బో

ట్యూబు ముక్క సంగతి ఒప్పుకుంటా, నా షెడ్డులోనూ చూశాను. కానీ ఈ కుర్రాడి కేసులో నట్టు వదిలాక కూడా సందు నిలిచింది కదా? పంపుసెట్టు ఊగినట్టు జెట్ ఇంజిన్ ఊగదు. నున్నగా తిరుగుతుంది.

అత్తిలి_అమ్మాయి

నేను ఒక సంస్థలో ఇంజిన్ల టెక్నికల్ సర్వీసెస్‌లో పనిచేస్తాను. ఇలాంటి మెయిల్స్ రోజూ చూస్తాను కాబట్టి గూడెం అన్నయ్యగారికి చెప్తాను.

హ్యాంగర్‌లో చూసిన సందు చల్లగా, ఖాళీగా ఉన్న ఇంజిన్ సందు. ఇంజిన్ నడిచేటప్పుడు 3 జరుగుతాయి. ఆయిల్ ప్రెషర్‌కి పైపు తన ఒంపు మార్చుకోబోతుంది. వేడి గాలి పైపు వందల డిగ్రీలకి వెళ్ళి సాగుతుంది, దాని పక్కనున్నది అంత సాగదు. టేకాఫ్‌లో ఇంజిన్ కేసింగే కొద్దిగా కదులుతుంది. నున్నగా తిరుగుతుందన్నది నిజమే గానీ నిమిషానికి వేల చుట్లు తిరిగే వస్తువులో ఎంత సన్నటి వణుకైనా గంటలో లక్షలసార్లు వస్తుంది. అందుకే మాన్యువల్‌లో పైపుకీ పైపుకీ, పైపుకీ కేసింగ్‌కీ ఎంత ఎడం ఉండాలో అంకె రాసి ఉంటుంది.

ఇంకోటి, లాగి బిగించిన పైపులో నట్టు దగ్గర ఎప్పుడూ ఒక బిగువు ఉంటుంది. ఒరుసుకోకపోయినా ఆ బిగువు, ఆ వణుకు కలిస్తే ఫ్లేర్ దగ్గర, అంటే నట్టు కింద పైపు కొస వెడల్పయ్యే చోట, పగులు వస్తుంది. సందు నిలిచింది అంటున్నారు గానీ ఆ సందుని నట్టు పట్టుకుని ఉంది, పైపు కాదు.

తణుకు_నైట్‌షిఫ్ట్

అక్క చెప్పిన ఆఖరి వాక్యం మా లైన్‌లో గోడకి రాసి పెట్టాలి.

భీమవరం_చెరువు

విమానం నాకు తెలీదు. మార్పు తర్వాత తలనొప్పి ఎందుకొస్తుంది అన్న ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబుంది.

వనామీ చెరువు. 2 హెచ్‌పీ ఏరేటర్, 4 రెక్కల చక్రాలు. ఆక్సిజన్ చాలట్లేదని పక్క చెరువాయన చూసి నేనూ 6 చక్రాలు చేయించాను. షాఫ్టు పొడుగు చేయించాను. నీళ్ళు బ్రహ్మాండంగా లేచాయి, వారం రోజులు పొద్దున్నే వచ్చి చూసుకుని మురిసిపోయాను. మోటారు పాతదే, గేరుబాక్సు పాతదే, స్టార్టరులో ఓవర్‌లోడ్ సెట్టింగు పాతదే. 4 చక్రాల కోసం పెట్టిన గేరుబాక్సు 6 చక్రాలు మొయ్యాలని ఎవరూ దానికి చెప్పలేదు కదా. మోటారు ట్రిప్పవుతుంటే మా పనివాడు సెట్టింగు పెంచేశాడు. ఒక రాత్రి 3 గంటలకి వైండింగ్ కాలిపోయింది. లేచి వెళ్ళేసరికి రొయ్యలన్నీ గట్టు పక్కకి వచ్చి తేలుతున్నాయి.

చక్రాలు మార్చడం తప్పు కాదు. చక్రాల దగ్గర ఆగిపోవడం తప్పు.

లంక_రైతు

మా లంకల్లో ఇది తాతల నాటి మాట. ఒక ఊరి గట్టు ఎత్తు పెంచితే నీళ్ళు పక్కూరి గట్టుని వెతుక్కుంటాయి. 1986 వరద చూసినవాళ్ళని అడగండి.

గూడెం_టర్బో

మీరంతా కలిసి మాడిఫికేషన్ అంటేనే తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు. కంపెనీ వాడు పరీక్షలు చేసే కదా మారుస్తాడు? కుర్రవాళ్ళు వర్క్‌షాపులో చేసే మార్పు వేరు, ఇంజిన్ తయారుచేసినవాడు చేసే మార్పు వేరు.

తణుకు_నైట్‌షిఫ్ట్

తయారుచేసినవాడు చేసిన మార్పే బెడిసికొట్టిన కేసు మన దేశంలోనే చూశాం. 2018. ఎయిర్‌బస్ ఏ320 నియో విమానానికి వచ్చే ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్. అందులో హైప్రెషర్ కంప్రెసర్ వెనక హబ్ మీద నైఫ్ ఎడ్జ్ సీల్ అని ఉంటుంది. కత్తి అంచులా సన్నగా ఉండి గాలి పక్కకి కారిపోకుండా ఆపుతుంది. అది ఇంకా ఎక్కువ కాలం మన్నాలని 2017లో డిజైన్ మార్చారు. 450వ సీరియల్ నంబరు నుంచి వచ్చిన ఇంజిన్లలో ఆ మార్పు ఉంది. కొన్ని నెలల్లోనే గాలిలో ఇంజిన్లు ఆగిపోవడం, టేకాఫ్ మధ్యలో ఆపేయడం మొదలయ్యాయి.

2018 ఫిబ్రవరి 9న యూరప్ నియంత్రణ సంస్థ అత్యవసర ఆదేశం ఇచ్చింది. రెండు ఇంజిన్లూ ఆ రకానివే ఉంటే 3 ట్రిప్పులకు మించి ఎగరకూడదు అని. మార్చి 12న అహ్మదాబాద్ నుంచి లక్నో వెళ్ళే విమానం ఇంజిన్ ఆగి వెనక్కి వచ్చింది. ఆ రోజే మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక్క ఇంజిన్ ఆ రకానిది ఉన్నా సరే ఎగరొద్దంది. ఇండిగోవి 8, గోఎయిర్‌వి 3, మొత్తం 11 విమానాలు నేల మీద ఆగాయి.

పరిష్కారం ఏంటో తెలుసా? పాత డిజైన్ సీల్‌కే వెనక్కి వెళ్ళారు. అది ఎలా అరుగుతుందో, ఎప్పుడు చూడాలో తెలుసు కాబట్టి.

కొవ్వూరు_గట్టు

11 విమానాలు అన్నాక గుర్తొచ్చింది, ఆ ఏడాది టికెట్లు రద్దయి మా బావగారి పెళ్ళికి రైల్లో నిలబడి వెళ్ళాను. అప్పుడు తిట్టుకున్న తిట్లు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా.

ఒక సందేహం. నియో ఎక్కినప్పుడు గేటు నుంచి వెనక్కి నెట్టాక చాలాసేపు ఇంజిన్ తిప్పుతూనే ఉంటారు, స్టార్ట్ కాదు. అదీ ఏదన్నా ఇబ్బందేనా? పక్కన కూర్చున్నావిడ దండకం చదవడం మొదలుపెట్టారు.

తణుకు_నైట్‌షిఫ్ట్

భయం లేదు. ఇంజిన్ ఆపాక లోపలి వేడి పైకి చేరుతుంది. షాఫ్టు పై సగం వేడిగా, కింది సగం చల్లగా ఉంటుంది. దాంతో షాఫ్టు కంటికి కనబడనంతగా విల్లులా వంగుతుంది. అదే వంపుతో గబుక్కున వేగం పెంచితే బ్లేడు కొసలు కేసింగ్‌ని గీకుతాయి. అందుకే ముందు మెల్లిగా తిప్పి వేడి సమానం చేస్తారు, అప్పుడు మంట వెలిగిస్తారు. మొదట్లో ఆ ఇంజిన్లకి ఈ తిప్పడం మరీ ఎక్కువసేపు పట్టేది, తర్వాత సాఫ్ట్‌వేర్, కొన్ని పార్టులు మార్చి తగ్గించారు. ఇది బాగా కుదిరిన మార్పు.

కొవ్వూరు_గట్టు

ఈసారి ఆవిడ కనబడితే చెప్తాను.

అత్తిలి_అమ్మాయి

తణుకు తమ్ముడు చెప్పిన సీల్ కేసు నిజం. కానీ అక్కడే ఆగితే గూడెం అన్నయ్యగారన్నట్టు మార్పంటేనే భయం మిగులుతుంది. అదే ఇంజిన్‌లో లోప్రెషర్ టర్బైన్ 3వ వరస బ్లేడ్లు విరిగేవి. మార్చిన బ్లేడ్లు వేరే లోహంతో వచ్చాయి, దెబ్బకి తట్టుకున్నాయి. 2019 నవంబరులో డీజీసీఏ ఇండిగో దగ్గరున్న 97 విమానాలకి మాడిఫై చేసిన ఇంజిన్లు పెట్టి తీరాలని 2020 జనవరి 31 గడువు పెట్టింది, తర్వాత గడువు పొడిగించింది. అక్కడ ప్రమాదం మార్చని ఇంజిన్లతోనే.

ఆ గడువు లోపల అందరికీ చాలినన్ని మార్చిన ఇంజిన్లు లేవు. కాబట్టి ఒకే విమానానికి ఒకవైపు మార్చినది, ఇంకోవైపు మార్చనిది పెట్టి నడిపిన కాలం ఒకటి ఉంది. రెండు ఇంజిన్లూ ఒకేసారి ఆగకూడదని కావాలనే అలా పెట్టారు. అప్పుడు ఏ రెక్క కింద ఏది ఉందో కాగితం మీద తప్పు పడకుండా చూడటమే పెద్ద పని.

స్పానర్ అడిగిన అసలు ప్రశ్నకి నా జవాబు ఇది. మార్పు మొదలైన రోజు నుంచి అన్ని ఇంజిన్లకీ అది పూర్తయ్యే రోజు దాకా కొన్నేళ్ళు పడుతుంది. సర్వీస్ బులెటిన్ అంటే తయారీదారు చెప్పే మాట. చాలావాటికి ఎప్పుడు చేసుకోవాలన్నది మన ఇష్టం, కొన్ని చేయకపోయినా నడుస్తుంది. నియంత్రణ సంస్థ ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ ఇస్తే మాత్రం గడువులోగా చేసి తీరాలి. ఇష్టమున్నప్పుడు చేసుకునేవి ఉన్నంతకాలం స్టోర్‌లో పాతవీ కొత్తవీ పక్కపక్క ర్యాకుల్లో ఉంటాయి. చూడటానికి కవలలు. కొన్ని పార్టులు ఇటూ అటూ పడతాయి. కొన్ని ఒకవైపే పడతాయి, అంటే పాతదాని స్థానంలో కొత్తది పెట్టొచ్చు, కొత్తదాని స్థానంలో పాతది పెట్టకూడదు. ఇంకొన్ని గుంపుగానే మారాలి. నీ పైపు, బ్రాకెట్ ఆ మూడో రకం అని నా అనుమానం. పార్ట్స్ కేటలాగ్‌లో ఆ బొమ్మ పక్కన బులెటిన్ నంబరు ఉంటుంది, చూశావా?

పాలకొల్లు_స్పానర్

చూశాను అక్కా. ఉంది. బులెటిన్ తెరిస్తే బ్రాకెట్ మార్చమని ఉంది. పైపు గురించి "ఫలానా బులెటిన్ కూడా చూడుము" అని ఒక లైను. ఆ రెండో బులెటిన్ మా సిస్టమ్‌లో లేదు. అక్కడే ఆగిపోయి స్నాగ్ రాశాను.

అమలాపురం_పాత_ఏఎంఈ

చూశారా, మళ్ళీ అదే. కాగితం దొరకలేదు. 2001లో దొరకని చోట పని ముందుకు సాగింది. ఇక్కడ కుర్రాడు ఆపాడు.

నర్సాపురం_లేసు

మా అబ్బాయి ఇదే చదువు చదువుతున్నాడు, రెండో ఏడాది. మీరంతా రాసింది చదువుతుంటే గుండె దడగా ఉంది. ఇలా రాసి విమానం ఆపితే ఉద్యోగానికి ఏమన్నా అవుతుందా అండీ? పెద్దవాళ్ళు చెప్పినా వినకపోతే పొగరు అనుకోరా?

అమలాపురం_పాత_ఏఎంఈ

అమ్మా, కొందరు అనుకుంటారు. నా సర్వీసులో నేను ఇద్దరు పెద్దల మాట కాదన్నాను. ఒకాయన 4 నెలలు నాతో మాట్లాడలేదు. పని తెలిసిన పెద్దల మాట తీసెయ్యకూడదు, అది నిజం. కానీ అలవాటు వేరు, పుస్తకం వేరు.

1979 మే 25న చికాగోలో డీసీ-10 టేకాఫ్ అవుతూనే ఎడమ ఇంజిన్, దాన్ని రెక్కకి పట్టి ఉంచే పైలాన్‌తో సహా ఊడి పడిపోయింది. 273 మంది పోయారు. అక్కడ పార్టు డిజైన్ మార్చలేదమ్మా. పని చేసే పద్ధతి మార్చారు. ముందు ఇంజిన్ దించి తర్వాత పైలాన్ దించమని తయారీదారు చెబితే, రెండూ కలిపి ఒకేసారి ఫోర్క్‌లిఫ్టు మీద దించితే 200 గంటల దాకా పని మిగులుతుందని అలా చేశారు. ఫోర్క్‌లిఫ్టు కొంచెం అటూ ఇటూ జరిగితే చాలు, పైలాన్ వెనక భాగం నొక్కుకుని చీలిక వచ్చేది. ఆ పద్ధతి కనిపెట్టినవాళ్ళు, నేర్పినవాళ్ళు అందరూ అనుభవజ్ఞులే.

మీ అబ్బాయికి చెప్పండి, పెద్దవాళ్ళని ఎదిరించక్కర్లేదు. "ఇది ఏ పేజీలో ఉందండీ" అని మర్యాదగా అడిగితే చాలు.

నర్సాపురం_లేసు

ఈ ముక్క ఇప్పుడే వాడికి ఫోన్‌లో చదివి వినిపించాను. రాసుకున్నాడు.

యానాం_బోటు

మా బోట్లలో ఉప్పుగాలి ఇంకో లెక్క. నిరుడు స్టీలు క్లాంపుల స్థానంలో అల్యూమినియంవి తెచ్చారు, తేలిక అని. స్టీలు పైపుకి అల్యూమినియం తగిలిన చోటల్లా తెల్లటి పిండి పట్టింది. ఒక వానాకాలానికే క్లాంపులు బిస్కెట్లలా విరిగాయి. విమానం కూడా సముద్రం మీద నుంచే వస్తుంది కదా, అక్కడ ఎలా చూస్తారు?

తణుకు_నైట్‌షిఫ్ట్

రెండు లోహాలు నేరుగా తగలకుండా మధ్యలో పూత, ప్రైమరు, కొన్నిచోట్ల లోపల మెత్త ఉన్న క్లాంపు వేస్తారు. ఆ మెత్త చిరిగితే క్లాంపే పైపుని కోస్తుంది. అందుకే ప్రతి చెకప్‌లో క్లాంపులు చేత్తో కదిపి చూస్తాం. నా రాత్రులు సగం అందులోనే గడుస్తాయి.

గూడెం_టర్బో

అక్క రాసిన "సందుని నట్టు పట్టుకుని ఉంది, పైపు కాదు" రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. తమ్ముడూ, వెళ్ళాక ఒక పని చెయ్యి. నట్టు విప్పేటప్పుడు చెయ్యి తీసేసి చూడు, పైపు ఎటు పోతుందో. అది చెప్తుంది.

పాలకొల్లు_స్పానర్

తప్పకుండా అన్నా. కనుమ దాటాక బయల్దేరుతున్నా.

పాలకొల్లు_స్పానర్

వచ్చి 3 రోజులైంది, డ్యూటీ వరసగా పడి రాయలేకపోయాను.

తయారీదారు నుంచి జవాబు వచ్చింది. బ్రాకెట్, పైపు, ఇంకో క్లాంపు, మూడూ ఒకే గుంపు. అక్క చెప్పిందే. కొత్త పైపు ఒంపు వేరే. స్టోర్‌లో లేదు, తెప్పించారు.

పాత పైపు విప్పే పని నాకే ఇచ్చారు. ఇన్‌చార్జ్ గారు, ఆ సీనియర్ గారు ఇద్దరూ పక్కనే నిలబడ్డారు. గూడెం అన్న చెప్పినట్టు పైపుని పట్టుకోకుండా నట్టు మెల్లిగా వదులు చేశాను. మూడో చుట్టుకి పైపు టక్కుమని వెళ్ళి వేడి గాలి పైపుకి కొట్టుకుంది. హ్యాంగర్‌లో అంత చప్పుడున్నా ఆ టక్ ముగ్గురికీ వినబడింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఒక నిమిషం తర్వాత సీనియర్ గారే అన్నారు, "దీపావళి ముందు ఎక్కించిన ఇంకో ఇంజిన్ మీద కూడా నేనే ఇలా బిగించాను, దాన్నీ తెరవండి" అని. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకు చాలా పెద్ద విషయం అనిపించింది. నిన్న రాత్రి ఆ విమానం రాగానే కౌలింగ్, అంటే ఇంజిన్ పై మూత, తెరిచాం. పైపు మీద బియ్యపు గింజంత మెరుపు. చుట్టూ మసి పట్టి ఉంది, ఆ ఒక్క చోట మాత్రం కొత్త స్టీలులా తళతళలాడుతోంది. గోరుతో రాస్తే పల్లం తగిలింది. కారలేదు ఇంకా. ఆ విమానం కూడా ఆపి పైపు మారుస్తున్నారు.

అత్తిలి_అమ్మాయి

రెండో విమానం ఆయనే తెరవమన్నారు చూడు, ఆయనకి నా నమస్కారం చెప్పు. ఆ ఇంజిన్ రికార్డులో కూడా బులెటిన్ స్థితి సరిదిద్దించండి. లేకపోతే 3 ఏళ్ళ తర్వాత ఇంకో కుర్రాడు ఇదే చోట నిలబడతాడు.

కొవ్వూరు_గట్టు

మేము మార్చిలో అమ్మని మళ్ళీ హైదరాబాద్ తీసుకెళ్తాం. ఆలస్యమైతే అవనీ తమ్ముడూ.

రాజోలు_డీజిల్

అబ్బాయ్, ఆ బియ్యపు గింజంత మెరుపు ఫోటో ఉంటే పెట్టు. మా కుర్రాళ్ళకి చూపించాలి. నోటితో చెప్తే నమ్మరు.

పాలకొల్లు_స్పానర్

లోపల ఫోటోలు తియ్యనివ్వరు బాబాయ్. బొమ్మ గీసి రేపు పెడతాను.